పసుపు దీపం, మా ఆయన బొటనవేలు

మా కారు డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు దీపం ఉంది. అడుగు కాస్త అణిగిన కుండలాంటి బొమ్మ, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం. టైర్లలో గాలి తగ్గితే అది వెలుగుతుంది. వెలిగితే కారు ఆపి గాలి చూసుకోవాలి. మామూలు మనుషులకు ఇది చాలా తేలిగ్గా అర్థమవుతుంది. మా ఆయన మామూలు మనిషి కాదు, ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజరు.

ఆయన ఉద్యోగం సంగతి ముందు చెప్పకపోతే తర్వాత జరిగింది బోధపడదు. సముద్రాల అవతల ఎవరిదో బ్యాంకు, దాని కంప్యూటర్లు నడుస్తుంటాయి. వాటికి ఏ నలత వచ్చినా గచ్చిబౌలిలో ఈయన టీము ముందున్న తెర మీద పసుపుగానో ఎర్రగానో అలర్టు వస్తుంది. వచ్చిన అలర్టును గడువులోగా మూసెయ్యాలని ఒప్పందం. జబ్బు తగ్గించాలని కాదు, అలర్టు మూయాలని. ఈ రెండూ వేరని ఆయన దగ్గర ఎవరూ అనరు, అన్నవాళ్ళకు ఆ ఏడాది మంచి రేటింగు రాదు. అలర్టులు మరీ ఎక్కువైతే, ఏ గీత దాటితే అలర్టు మోగాలో ఆ గీతనే కాస్త పైకి జరుపుతారు. ఇక తెరంతా పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం సాధించినందుకు ఆయన్ని స్టేజి మీదికి పిలిచి గాజు జ్ఞాపిక ఇచ్చారు. అది మా టీవీ పక్కన ఉంది. దాని దుమ్ము నేనే తుడుస్తాను.

నేనూ ఇదే ఐటీ దారిలో పనిచేస్తాను, టెస్టింగ్‌లో. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా పని. తప్పుందని చెబితే చాలదు. ఏం చేస్తే ఆ తప్పు మళ్ళీ వస్తుందో చేసి చూపించాలి. లేకపోతే రాసినవాడు కుర్చీలో వెనక్కి వాలి, "నా మెషీన్‌లో బాగానే ఉందే" అంటాడు. ఏళ్ళ తరబడి ఆఫీసులో ఆ మాట వింటున్నాను. ఇంట్లో కూడా వినాల్సి వస్తుందని మాత్రం పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు.

నలభై దాటాక నేను కారు నడపడం నేర్చుకున్నాను, సరదాకి కాదు. ఇళ్ళలోంచి పనిచేసింది చాలు, ఇక వారమంతా రండని మా ఆఫీసువాళ్ళు అన్నారు. మా ఇల్లు ప్రగతి నగర్‌లో, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. పొద్దున ఎనిమిదికల్లా నేను సీట్లో ఉండాలి, ఎందుకంటే కొత్త ప్రోగ్రాము బయటికి వెళ్ళేముందు ఆఖరి పరీక్షలు నా చేతి మీదుగా జరుగుతాయి. కాబ్ బుక్ చేస్తే డ్రైవరు ఫోన్ చేసి "లొకేషన్ ఎక్కడ మేడం" అని అడిగి, చెప్పగానే రద్దు చేస్తాడు. రెండో కాబ్ వస్తుంది, మా ఇంటి దగ్గరి జేఎన్‌టీయూ కూడలి దాటేసరికే ఎనిమిది అవుతుంది. ఇలా కొన్నిసార్లయ్యాక మా మేనేజరు నవ్వుతూ, "మీకు ఇబ్బందిగా ఉంటే పొద్దుటి బాధ్యత ఇంకొకరికి ఇచ్చేద్దాం" అన్నాడు. ఆ నవ్వుకు అర్థం ఈ రోడ్డు మీద పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. పొద్దుటి బాధ్యత పోతే టీము పోతుంది. టీము పోతే ఏడాది తిరిగేలోగా మనిషీ పోతుంది.

మా ఆయన వారంలో ఎక్కువ రోజులు ఇంట్లోంచే పనిచేస్తాడు. కారు సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుపోతుండేది. అందుకని నేర్చుకున్నాను. నేను బాగానే నడుపుతాను. ఈ ముక్క నా అంతట నేను చెప్పుకోకూడదు, కానీ మా ఇంట్లో చెప్పేవాళ్ళెవరూ లేరు. కొత్తగూడ ఫ్లైఓవర్ కింద మా ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయిని ఎక్కించుకుని ఎనిమిదికి ముందే చేరేదాన్ని. ఆ అమ్మాయి పుట్టి పెరిగింది కొత్తగూడలోనే. సీటు బెల్టు పెట్టుకుంటూ, "అక్కా, నీ కారెక్కితే జర పానం నిమ్మళంగుంటది" అనేది. నాకు సిగ్గేసేంత సంతోషంగా ఉండేది.

ఇక ఆ పసుపు దీపం మొదటిసారి నా ఎదురుగా వెలిగింది ఆయన నడుపుతుండగానే. నేను పక్కన కూర్చున్నాను. ఫోన్లో ఏదో కాల్ స్పీకర్ మీద నడుస్తోంది. దీపం వెలిగింది. ఆయన మాట ఆపకుండానే చెయ్యి స్టీరింగుకు ఎడమ పక్కకు పోయింది, అక్కడున్న చిన్న బటన్‌ను బొటనవేలు కాసేపు నొక్కిపట్టింది. కీచుమని ఒక చప్పుడు వచ్చి దీపం ఆరిపోయింది.

"గాలి చూడద్దా?" అన్నాను.

"టైర్లలో సెన్సర్లు ఉంటాయి. చలికాలం వాటికి పిచ్చి పడుతుంది. రీసెట్ చేస్తే సరిపోతుంది" అన్నాడు. అప్పుడు నేను నమ్మాను. సెన్సర్ అనే మాటను ఆయన పలికే తీరులో ఎదుటివాళ్ళు నోరు మూసుకోవాల్సిందే అన్న ధీమా ఉంటుంది.

ఆ తర్వాత ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ పెట్రోల్ బంకులో నాలుగు టైర్లకూ గాలి పట్టించాను. మంచి పని చేశాననే అనుకున్నాను. మర్నాడు పొద్దున గచ్చిబౌలి దాటుతుండగా దీపం వెలిగింది. కారు పక్కకు తీసి చుట్టూ తిరిగి చూస్తే టైర్లన్నీ నిండుగానే ఉన్నాయి. సాయంత్రం ఆయనకు చెప్పాను. ఆయన సెల్లార్‌లోకి దిగి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, లోపల కూర్చుని ఏదో చేసి వచ్చాడు.

"ఎక్కడో డివైడర్‌కి రాసుంటావు" అన్నాడు.

"నేను ఎక్కడా రాయలేదండీ."

"నీకు తెలియదులే. కొత్త డ్రైవర్లకు తెలియదు."

ఆ ఆదివారం ఆయన కారు తీసుకుని కూరగాయలకు వెళ్ళొచ్చి, సంచి బల్ల మీద పెడుతూ, "చూశావా, నేను నడిపితే వెలగలేదు" అన్నాడు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే కథ. నేను గాలి పట్టించడం, మర్నాడు దీపం వెలగడం. ఈసారి బంకులో గాలి పట్టే అతను, "మేడం, ఎనక ఎడమ టైరు మస్తు తక్కువుంది. పంక్చర్ ఉన్నట్టుంది, జర చూపించుండ్రి" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన, "వాళ్ళూ పంక్చర్ షాపువాళ్ళూ ఒకటే. సర్వీసుకిచ్చినప్పుడు నేను చూపిస్తాలే" అన్నాడు. మర్నాడు దీపం వెలిగేసరికి ఆయనకు ఇక సందేహమే లేదు. మా అత్తగారు మాతోనే ఉంటుంది. ఆవిడ వింటుండగా తీర్పు చెప్పాడు. అది కంపెనీ లీజుకిచ్చిన కారట, కాగితాల్లో ఆయన పేరుందట, ఏదైనా అయితే హెచ్‌ఆర్ వాళ్ళు ఆయన్ని అడుగుతారట. కాబట్టి కొన్నాళ్ళు నేను కాబ్‌లోనే వెళ్ళడం మంచిదట. గోడకున్న కొక్కేనికి వేలాడే తాళం ఆ రోజు నుంచి ఆయన ల్యాప్‌టాప్ బ్యాగులోకి వెళ్ళిపోయింది.

మా అత్తగారికి నా మీద కోపం లేదు. ఆవిడకు తోచిన కారణం వేరు. "వాడు నడిపితే వెలగదు, నువ్వు నడిపితే వెలుగుతుంది. ఎవరి కళ్ళో పడ్డాయమ్మాయ్ నీ మీద" అని కారు ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించింది. మా ఆయన దాన్ని చూసి నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకిప్పటికీ తెలియదు. నిమ్మకాయ కట్టిన ఆవిడకీ బటన్ నొక్కిన ఆయనకీ టైరు గురించి తెలిసింది ఒకటే. కాకపోతే నిమ్మకాయ వల్ల ఎవరికీ నష్టం లేదు.

నేను మళ్ళీ కాబ్‌ల పాలయ్యాను. కొత్తగూడ అమ్మాయి క్యాంటీన్‌లో నన్ను పట్టుకుని అడిగింది.

"ఏందక్కా గిది, ఇగ కాబ్‌లనే వస్తవా? నువ్వు కారు నడపనీకి ఆయన పర్మిషన్ ఏంది?"

"నాది కాదమ్మా. లీజు కారు, ఆయన పేరు మీద ఉంది."

"గట్లయితే నువ్వు గూడ ఆయన పేరు మీదనే ఉన్నట్టా?"

అంత మాట నన్ను ఎవరూ అనలేదు. నాకు కోపం రావాల్సింది ఆ అమ్మాయి మీద కాదని తెలుస్తూనే ఉంది. అన్నం తినకుండా లేచిపోయాను. అంతకన్నా సిగ్గు ఏమిటంటే, అప్పటికి ఆ డివైడర్ కథను నేను సగం నమ్మాను. రెండుసార్లు సెల్లార్‌లో మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల అంచుల మీద గీతల కోసం వెతికాను. ఒక్క గీత కూడా కనిపించలేదు. అయినా నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఆ నెలలో ఇంకోసారి ఆలస్యంగా వెళ్ళాను. మేనేజరు ఈసారి నవ్వలేదు, వచ్చే వారం మాట్లాడదాం అన్నాడు.

ఆ సాయంత్రం కాబ్‌లో, బయోడైవర్సిటీ కూడలి దగ్గర కదలని ట్రాఫిక్‌లో కూర్చుని ఉండగా నా బుర్ర ఇంటికోడలి కొలువు మానేసి టెస్టింగ్ పనిలోకి వచ్చింది. దీపం ఎప్పుడు వెలుగుతోంది? నేను నడిపినప్పుడు అని మా ఆయన అంటున్నాడు. తప్పు. అంతకుముందు ఎన్నో రోజులు నడిపాను, వెలగలేదు. గాలి పట్టించిన మర్నాడే వెలుగుతోంది. గాలి తగ్గితే వెలగాల్సిన దీపం గాలి పట్టిస్తే వెలుగుతోంది. ఆఫీసులో ఇలాంటిది దొరికితే మేం పండగ చేసుకుంటాం.

ఫోన్లో కారు మాన్యువల్ తెరిచాను. అచ్చు పుస్తకం కారులోనే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా. కారు వచ్చినప్పటి నుంచి సెన్సర్ల మీద ఉపన్యాసాలిచ్చిన మనిషి ఆ కవరు చింపలేదు.

టైరు గాలిని కనిపెట్టే పద్ధతులు రెండు ఉన్నాయి. ఒకదాంట్లో ప్రతి టైరులోనూ, గాలి పట్టే గొట్టం మొదట్లో, బ్యాటరీ ఉన్న చిన్న యంత్రం కూర్చుంటుంది. అది లోపలి గాలిని కొలిచి రేడియోలో పంపుతుంది. ఆ కార్లలో ఏ టైరులో ఎంత ఉందో అంకె కనిపిస్తుంది. మా కారులో ఏనాడూ అంకె కనిపించలేదు, దీపం మాత్రమే. ఎందుకంటే మాది రెండో రకం. మా టైర్లలో గాలి తప్ప ఏమీ లేదు. చలికి పిచ్చెక్కడానికి లోపల సెన్సరంటూ ఉంటే కదా!

రెండో రకంలో కారు గాలిని కొలవదు, చక్రాల పరుగును చూస్తుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం జారకుండా చూడటానికి ప్రతి చక్రం దగ్గరా దాని వేగం చదివే ఏర్పాటు ఎలాగూ ఉంటుంది. గాలి తగ్గిన టైరు కాస్త అణుగుతుంది, అణిగితే కొంచెం చిన్నదవుతుంది, చిన్న చక్రం అదే దూరానికి మిగతావాటికన్నా కొంచెం ఎక్కువ తిరగాలి. నాలుగింటిలో ఒకటి గబగబా తిరుగుతోందంటే దానిలో గాలి తక్కువని కారు ఊహిస్తుంది. ఊహ అంతే. నాలుగూ కలిసి ఒకే తీరుగా దిగజారితే దానికి ఒక పట్టాన తెలియదు. ఈ మాట చదివినప్పుడు నాకు మా ఆయన టీము గుర్తొచ్చి కాబ్‌లో ఒక్కదాన్నే నవ్వాను.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. కారుకు తనంతట తనకు ఏది సరైన గాలో తెలియదు. మనం నేర్పాలి. నాలుగు టైర్లలోనూ సరైన గాలి నింపి ఆ బటన్ నొక్కిపట్టాలి. అంటే, ఇదిగో, ఇది సరైన స్థితి, దీన్ని గుర్తుపెట్టుకో అని చెప్పడం. అది దీపం ఆర్పే బటన్ కాదు, పాఠం చెప్పే బటన్. గాలి తగ్గినప్పుడు నొక్కితే కారు పాపం మారు మాట్లాడదు. తగ్గిన గాలే సరైనదని నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎవరైనా వచ్చి సరైన గాలి నింపితే చక్రాల తిరుగుడు దానికి కొత్తగా కనిపిస్తుంది, తేడా ఉందని దీపం వెలిగిస్తుంది.

ఫోను ఒళ్ళో పెట్టుకుని జరిగింది వరసగా పేర్చాను. వెనక ఎడమ టైరుకు పంక్చర్ ఉంది. గాలి మెల్లగా పోతోంది. పోయినప్పుడల్లా ఎవరో బటన్ నొక్కి, ఇలా ఉండటమే సరి అని కారుకు చెబుతున్నారు. తర్వాత నేను వెళ్ళి సరిగ్గా నింపుతున్నాను. సరిగ్గా ఉన్నందుకు నా ముందు దీపం వెలుగుతోంది. ఒళ్ళు మండిపోయింది. నేను చేసిన ఒకే ఒక్క సరైన పనిని పట్టుకుని నా చేతిలోంచి తాళం లాగేసుకున్నారు.

ఊహ చాలదు, చూపించాలి. శనివారం మధ్యాహ్నం ఆయన కాల్‌లో ఉండగా బ్యాగులోంచి తాళం తీసుకుని, గాలి కొలిచే గేజి పట్టుకుని సెల్లార్‌లోకి దిగాను. మూడు టైర్లు ఉండాల్సిన ముప్పై మూడు దగ్గరే ఉన్నాయి. వెనక ఎడమది ఇరవై కూడా లేదు. తాళం తిప్పి చూస్తే దీపం చల్లగా ఆరిపోయి ఉంది. నేను కారు ముట్టుకోక ఎన్నాళ్ళో అయింది. పైకి వెళ్ళి, కాల్ అయ్యేదాకా ఆగి అడిగాను.

"దీపం వెలిగినప్పుడు మీరు ఆ బటన్ నొక్కుతున్నారా?"

"నేనా? నేనెందుకు నొక్కుతాను?"

"టైరులో గాలి సగమే ఉంది. దీపం వెలగడం లేదు. ఎవరో నొక్కకపోతే ఇలా కాదండీ."

"నీ గేజి తప్పేమో. నేను నిన్ననే నడిపాను, బాగానే ఉంది." ఆ మాట రానే వచ్చింది. చక్రాలు, వేగం, అన్నీ వివరించాను. వింటున్నట్టే తలూపి, అయ్యాక, "సెన్సర్ టైరులో ఉంటుంది, నువ్వు వేరే మోడల్ మాన్యువల్ చదివినట్టున్నావు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. అబద్ధమాడేవాడికి కనీసం నిజం ఏమిటో తెలిసి ఉంటుంది.

"సరే, ఇప్పుడే పంక్చర్ వేయించుకొద్దాం రండి" అన్నాను.

"నాకింకో కాల్ ఉంది. రేపు పొద్దున్నే గృహప్రవేశం. వచ్చాక చూద్దాం. తాళం ఇలా ఇవ్వు."

మర్నాడు పుప్పాలగూడలో మా ఆయన పెదనాన్న కొడుకు కొత్త ఫ్లాటులో పాలు పొంగించడం. అత్తగారికి మోకాళ్ళ నొప్పులని ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఇవ్వాల్సిన ఇత్తడి దీపాల జత ఒళ్ళో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. బంకు దగ్గర ఆపండి అన్నాను. క్యూ ఉంది, ముహూర్తం దాటిపోతుంది అన్నాడు. హైటెక్ సిటీ దాటుతుండగా కీచుమన్న చప్పుడు వినిపించింది.

"లైటు వెలిగిందా?" అన్నాను.

"లేదే" అన్నాడు, అద్దంలోంచి నా వైపు అమాయకంగా చూస్తూ.

వాళ్ళ ఫ్లాటు ఎన్నో అంతస్తో గుర్తులేదు. బాల్కనీలోంచి చూస్తే ఇంకా కడుతున్న టవర్లు, వాటి మధ్య ఒకప్పటి ఊరు మిగిల్చిన నాలుగు రాళ్ళగుట్టలు కనిపించాయి. పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలయ్యాయి. మగవాళ్ళంతా ఐటీవాళ్ళే. బాల్కనీలో చేరి కార్ల గురించి మాట్లాడుకుంటున్నారు. మా ఆయన సెన్సర్ల ఉపన్యాసం మొదలుపెట్టాడు. టైరులో చిప్ ఉంటుందట, అది ఉపగ్రహంలా సంకేతాలు పంపుతుందట. ఎవరో, "మరి మా మరదలు నడుపుతోందటగా ఇప్పుడు?" అన్నారు. "నడిపింది, రోజూ లైటు వెలిగించుకుని వచ్చేది. సెన్సర్ కూడా భయపడిపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఐస్‌క్రీం కప్పులు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. నన్ను చూసి కూడా నవ్వు ఆపలేదు. సరదా కదా, అన్నట్టు చూశారు. ఆ కప్పులు వాళ్ళ నెత్తిన బోర్లించాలనిపించింది. ట్రే బల్ల మీద పెట్టి వచ్చేశాను.

వీడ్కోలు చెప్పడానికి సెల్లార్ దాకా చాలామంది దిగారు. కారు ఒక పక్కకు ఒరిగి ఉంది. వెనక ఎడమ టైరు నేలకు అతుక్కుపోయింది. అందరూ చుట్టూ మూగారు. మా ఆయన వంగి చూసి, లేచి, అంతమందిలో నా వైపు తిరిగాడు.

"నిన్న గేజి పెట్టావు కదా. వాల్వు సరిగ్గా మూయలేదేమో."

అత్తగారు అప్పటికే ముందు తలుపు తీసి కూర్చోబోతూ ఆగింది. ఆవిడకు ఎవరినీ పట్టివ్వాలని లేదు. తెలిసింది తెలిసినట్టు అంది.

"అదేంట్రా, వచ్చేటప్పుడే ఆ పసుపు దీపం వెలిగింది కదా? నువ్వే కదా ఆర్పేశావు."

"నేనెక్కడ ఆర్పానమ్మా?"

"ఆ ఎడంపక్క మీట నొక్కావుగా. మొన్న నన్ను గుడికి తీసుకెళ్ళినప్పుడూ అంతే. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడూ అంతే. వెలగ్గానే ఆర్పేస్తావు. ఆర్పకూడదా ఏం?"

సెల్లార్‌లో ఎవరూ నవ్వలేదు. బాల్కనీలో చిప్‌ల గురించి విన్నవాళ్ళంతా ఇప్పుడు టైరును చూస్తూ నిలబడ్డారు. మా ఆయన తన కుడిచేతిని చూసుకున్నాడు, ఎడమచేతిని చూసుకున్నాడు. ఏ చేత్తో నొక్కాడో కూడా ఆయనకు గుర్తు లేదు. ఆయన మొహంలో కనిపించింది తప్పు చేసినవాడి సిగ్గయితే నేను కొంచెం కరిగేదాన్నేమో. అది కేవలం ఆశ్చర్యం. ఆయన మెదడును అడక్కుండానే చెయ్యి ఇన్నాళ్ళుగా హెచ్చరికలు మూసేస్తోంది. ఆఫీసువాళ్ళు దానికే స్టేజి మీద జ్ఞాపిక ఇచ్చారు.

టైరు తీసి స్టెప్నీ వేయాలి. అంతమంది ఇంజనీర్లలో జాకీ ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. ఒకాయన ఫోన్లో వీడియో వెతికాడు, సెల్లార్‌లో సిగ్నల్ లేదు. నేను డ్యాష్‌బోర్డు అరలోంచి మాన్యువల్ తీసి, అందరి ఎదుటా ప్లాస్టిక్ కవరు చింపి, బొమ్మ ఉన్న పేజీ తెరిచి బానెట్ మీద పెట్టాను. పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని జాకీ తిప్పాను. బోల్టులు వదులు చేయడానికి పెదనాన్న కొడుకు చెయ్యి వేశాడు. ఊడదీసిన టైరులో మేకు తల మెరుస్తూ కనిపించింది. బాగా అరిగిపోయి నున్నగా ఉంది. అది దిగి చాలా రోజులే అయి ఉంటుంది.

చేతులు తుడుచుకుని మా ఆయన ముందు అరచెయ్యి చాపాను.

"తాళం."

"స్టెప్నీతో నడపడం కష్టం, నేను..."

"తాళం ఇవ్వండి."

అంతమంది చూస్తున్నారు కాబట్టి ఇచ్చాడు. వాళ్ళు చూడకపోతే ఇచ్చేవాడని నేను అనుకోవడం లేదు. అత్తగారు ఏమనుకుందో ఏమో, తన మోకాళ్ళకు ఈసారి వెనకే బాగుంటుందంటూ వెనక సీట్లోకి మారిపోయింది. ఆయన నా పక్కన కూర్చున్నాడు.

స్టెప్నీ మిగతా చక్రాలకన్నా కాస్త సన్నది, చిన్నది. కాబట్టి వాటికన్నా ఎక్కువ తిరుగుతుంది, కాబట్టి దీపం వెలుగుతుందని నాకు ముందే తెలుసు. మెల్లగా, ఎడమ పక్కనే పోనిచ్చాను. కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గర వెలిగింది. నేను రోడ్డు మీదే చూస్తున్నాను. అయినా కంటి కొస నుంచి ఆయన చెయ్యి లేవడం కనిపించింది. ఇంత జరిగాక, సెల్లార్‌లో అంతమంది మధ్య ఆ మేకు చూశాక, ఆ చెయ్యి సీటు దాటి, గేరు దాటి, బొటనవేలు చాచుకుని బటన్ మీదికి వస్తోంది.

"తియ్యండి చెయ్యి" అన్నాను.

అరవలేదు. ఆఫీసులో తప్పు రాసినవాడితో మాట్లాడే గొంతుతోనే అన్నాను. ఆ గొంతు ఆయన ఇంట్లో ఎప్పుడూ వినలేదు. చెయ్యి గాల్లో ఒక క్షణం ఆగి, వెనక్కి వెళ్ళి ఒళ్ళో పడుకుంది. వెనక సీట్లోంచి అత్తగారు, "వెలగనీరా, నీకేం అడ్డమొచ్చింది" అంది.

ప్రగతి నగర్ చెరువు దగ్గరికి వచ్చేదాకా దీపం వెలుగుతూనే ఉంది. ఆయన దాన్నే చూస్తూ, దాన్ని ఆర్పకుండా, బహుశా జీవితంలో మొదటిసారి, అంతసేపు కూర్చున్నాడు. ఆ సాయంత్రమే పంక్చర్ వేయించి, నాలుగు టైర్లకూ గాలి కొలిచి నింపి, నేనే బటన్ నొక్కిపట్టాను. మర్నాడు ఎనిమిదికి ముందే ఆఫీసుకు చేరాను. తాళం కొక్కేనికి వేలాడటం లేదు, ఆయన బ్యాగులోనూ లేదు. నా దగ్గర ఉంది.